సిక్స్టెన్ ఊపిరి

ఎలీన్ దక్షిణాదిన లుండ్ నుంచి ఉత్తరాన ఉన్న ఊమెయో ఆసుపత్రికి వచ్చి వారమైంది. గుండెను తెర మీద చూపించే ఎకో పరీక్షలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఆ చేతికి ఆ రోజు సిక్స్టెన్ దొరికాడు, ఏం చేస్తాం!

డెబ్భై ఏళ్ల మనిషి, అడవిలో చెట్లు కొట్టి బతికినవాడు. గుండెలో కవాటం బాగుందని తేలితేనే సోమవారం దుప్పుల వేటకు వెళ్లనిస్తానన్నాడు డాక్టరు. వేట లేకపోతే సిక్స్టెన్‌కు ఆ ఏడాదే లేనట్టు.

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, "ఊపిరంతా వదిలి బిగపట్టండి, సరేనా?" అంది ఎలీన్.

ఆయన పెదవులు సున్నాలా చుట్టి హుప్పుమని గాలి పీల్చాడు. ఊపిరితిత్తులు ఉబ్బి గుండెను కప్పేశాయి. బొమ్మ మాయం.

"పీల్చకూడదండీ, వదలాలి. అర్థమైందా?"

హుప్.

నాలుగోసారికి ఎలీన్‌కు ఒళ్లు మండింది. "ఇలాగైతే గొంతులోంచి గొట్టం వేసి చూడాలి. దానికి మూడు వారాలు ఆగాలి."

సిక్స్టెన్ మొహం పాలిపోయింది. పక్కన కుర్చీలో మేజోడు అల్లుకుంటున్న ఆయన భార్య రగ్నా మాత్రం నవ్వింది.

"మా వైపు మగాళ్లు అవునని నోటితో అనరమ్మా, గాలి పీలుస్తారు. పెళ్లినాడు పాపం పాస్టరు మూడుసార్లు అడిగాడు."

"మరి కాదనాలంటే?"

"దానికైతే నోరు బాగానే లేస్తుంది."

"అయితే మీరే అడగండి" అంది ఎలీన్, పరికరం ఛాతీకి ఆనించి.

"మా అక్క వచ్చిన రోజు షెడ్డులో దాక్కున్నావా?"

"లేదూ..."

ఊపిరి బయటికి పోయింది, గుండె తెర మీదికొచ్చింది. కవాటం సగం కనిపించింది.

"డాక్టరు వద్దన్నాక కేకు తిన్నావా?"

"లేదూ..."

"ఇంకొక్కటి, పొడుగ్గా" అంది ఎలీన్.

రగ్నా అల్లిక ఆపింది. "నీకు భయమేస్తోందా?"

"లే...దూ..."

అద్దంలా వచ్చింది బొమ్మ. కవాటం మూడు రెక్కలూ తెరుచుకుంటున్నాయి. కానీ తెర మూలన డెబ్భై ఉన్న అంకె నూట పద్దెనిమిదికి ఎగబాకింది.

"ఆ అంకేమిటమ్మా?" అంది రగ్నా.

"గుండె వేగం."

రగ్నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మొండిమనిషికీ భయం ఉంటుందని నలభై ఆరేళ్లుగా ఆమెకు తెలియదు.

డాక్టరు వచ్చి బొమ్మలన్నీ చూశాడు. "కవాటం కాస్త బిరుసెక్కింది, అంతే. వేటకు వెళ్లొచ్చు. ఒంటరిగా మాత్రం తిరగొద్దు."

"మా జట్టువాళ్లుంటారు" అన్నాడు సిక్స్టెన్.

"వాళ్లూ నీలాంటివాళ్లేగా. నేనొస్తాను" అంది రగ్నా.

సిక్స్టెన్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"తెల్లారుజామున చలి కొరికేస్తుంది. నా ఉన్ని కోటు నువ్వేసుకో" అన్నాడు.