కాలి మీద పెన్ను గీత

మా పాపకు రక్త క్యాన్సర్ అని తెలిసిన ఆరో నెలలో కుడి పిక్క మీద ఊదా రంగు దద్దుర్లు లేచాయి. చెమటకాయలనుకుని పౌడరు అద్దాను. రోగమే చర్మంలోకి వచ్చిందని డాక్టరమ్మ చెప్పాక గానీ నాకు తెలియలేదు.

మందు మార్చారు. నర్సు ఆ దద్దుర్ల చుట్టూ నల్ల పెన్నుతో గీత గీసింది. నాలుగు రోజుల తర్వాత అవి గీత లోపలే ఉంటే మందు పనిచేస్తున్నట్టు. దాటితే ఇక ఇవ్వడానికి వేరే మందు లేదట. గీత చెరగనివ్వొద్దని కూడా చెప్పే ఉంటుంది. వేరే మందు లేదన్న దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

నేను లాండ్రీలో మరకలు తీస్తాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచీ ఇదే పని. కాలరు మీద సిరా కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున, పిల్లను మాసిన కాలితో తెచ్చిందనుకుంటారేమోనని, స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్ది అద్ది ఆ గీత మొత్తం తీసేశాను. నొప్పి పుట్టకుండా తీశానని మురిసిపోయాను కూడా. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, "నా కొడుకు చొక్కాలకు ఈ భాగ్యం ఎప్పుడో," అని దెప్పింది. పాప కిసుక్కున నవ్వింది.

గౌను పైకి జరిపి చూసిన డాక్టరమ్మ, గీత ఏదని నర్సును అడిగింది. నర్సు నా వైపు చూసింది. నేనే తుడిచానని చెప్పాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎక్కడిదాకా ఉండేదో గుర్తుందా అని పెన్ను నా చేతికిచ్చింది. దద్దుర్లన్నిటినీ కలుపుకుంటూ మోకాలి దాకా గీయబోయాను. అబద్ధమో ఆశో నాకే తెలియదు.

"కాదమ్మా, అంత పెద్దది కాదు," అంది పాప. "నేను రోజూ దాని మీద వేలితో రైలు నడిపేదాన్ని. ఇదిగో, ఇక్కడ మలుపు తిరిగేది."

చూపుడు వేలిని పిక్క మీద నెమ్మదిగా తిప్పింది. డాక్టరమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ వేలి వెనకే నడిపింది. గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. పదో పన్నెండో మచ్చలు బయటే ఉండిపోయాయి.

"సరిగ్గా చెప్పానా, డాక్టరాంటీ?"

"సరిగ్గా చెప్పావు తల్లీ," అంది ఆవిడ, పెన్నుకు మూత పెడుతూ. నా వైపు మాత్రం చూడలేదు.