ఇంటూ కుట్టు

బొంత అడుగుపొర ముడత పడకుండా సూదమ్మ మూలకొక బరువు పెట్టింది. ఒక మూల ఇస్త్రీపెట్టె, ఒక మూల పిండి డబ్బా, ఇంకో మూల కత్తెర్ల పెట్టె. నాలుగో మూలకు ఏమీ దొరక్క తన మోకాలే ఆనించింది. అడుగుపొర మీద దూది పరిచి, ఆ పైన ముక్కలు అతికిన పైబట్ట వేసి, నడుమ నుంచి అంచులవైపు పొడుగాటి టాకాలు వేసుకుంటూ, పాకుతూ వెనక్కి జరుగుతోంది. కిటికీలో ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. నడుము కలుక్కుమన్నప్పుడల్లా ఆగి, ఎవరినో తిట్టినట్టు చిన్నగా గొణిగి, మళ్ళీ వంగుతోంది.

పైబట్ట నడిమధ్యన జానెడు చదరం ఖాళీగా, తెల్లగా ఉంది. కోడలు కుడుతున్న క్రాస్ స్టిచ్ ముక్క దానిమీద అతకాలి.

"ఇంటూ కుట్టు ఎందాకా వచ్చిందే అమ్మాయ్?" అని వంటగది వైపు కేకేసింది.

"తీగ అయిపోయింది అత్తయ్యా. కిటికీ ఊచలు మిగిలాయి."

గళ్ళ బట్ట మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ, ఒక్కో గడిలో గుణకారపు గుర్తులా రెండు పోగులు అడ్డంగా వేసే ఆ కుట్టుకు సూదమ్మ పెట్టుకున్న పేరు ఇంటూ కుట్టు. చిన్నప్పుడు ఆ గుర్తుకు భయపడే బడి మానేశాననీ, అది తనను వెతుక్కుంటూ ముసలితనంలో ఇంటికే వచ్చి కూర్చుందనీ నవ్వేది. ఆమె అసలు పేరు సూదమ్మ కాదు. ఆసుపత్రిలో చిరిగిన బట్టలు కుట్టే గదిలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి అక్కడివాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయాక ఇదే మిగిలింది.

రేపు పండుగ. ఇవాళ సాయంత్రం కోడలు వెళ్ళిపోతుంది. కొద్దిరోజులుగా ఇంట్లో అన్ని పనులూ ఈ రెంటి చుట్టూనే తిరుగుతున్నాయి గానీ, వెళ్ళిపోవడం అనే మాట సూదమ్మ ఒక్కసారి కూడా పైకి అనలేదు. "సాయంత్రం వ్యాను వస్తుంది" అని మాత్రం అంటుంది.

వంటగదిలో అటక మీది డబ్బాలన్నీ కిందకి దిగి ఉన్నాయి. కోడలు వాటిని తోమి బోర్లించింది. ఒక చేత్తో పొయ్యి మీది పాలు చూసుకుంటూ, ఇంకో చేత్తో క్రాస్ స్టిచ్ చట్రాన్ని ఒళ్ళో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. రాత్రి ఉతికిన తెరలు పెరట్లో ఆరుతున్నాయి. గోడవారగా పెద్ద నర్సమ్మ పండక్కని కుట్టమన్న దిండు గలీబులు మడతపెట్టి ఉన్నాయి. ఈ ఏడాది ఎవరి దగ్గరా కొత్త పని ఒప్పుకోవద్దని సూదమ్మ అంది. కోడలే వినలేదు. "చేతులు ఖాళీగా ఉంటే మనిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి" అంది.

గలీబుల సంచీ భుజాన తగిలించుకుని సూదమ్మ ఆసుపత్రికి బయలుదేరింది. పండుగ ముందురోజు కాబట్టి సగంపూటే పని.

నేల కింది అంతస్తులో, బట్టలుతికే గది పక్కన ఉంటుంది ఆమె గది. ఒక మిషను, ఒక బల్ల, పైన ఎత్తున చిన్న కిటికీ. కిటికీలోంచి నడిచే కాళ్ళు మాత్రమే కనబడతాయి. బల్ల మీద చిరిగిన దుప్పట్లు, బొత్తాలు ఊడిన రోగుల చొక్కాలు, ఆపరేషను గది ఆకుపచ్చ గుడ్డలు. వార్డుల తెరలు కూడా పండుగలోపే కుట్టి ఇవ్వాలన్నారు. పండక్కి చూడటానికొచ్చే చుట్టాలకు చిరుగులు కనబడకూడదట.

వాకిట్లో ధబ్బున మూట పడింది. సూదమ్మ ఉలిక్కిపడింది. బట్టల మూటలు తెచ్చే వ్యానుకు కొత్త డ్రైవరు వచ్చి నెలైనా ఆ చప్పుడు ఆమెకు అలవాటు కాలేదు.

పాత డ్రైవరు మూటలు విసిరేవాడు కాదు, దించేవాడు. ఎంత బరువున్నా మోకాళ్ళు వంచి, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టేవాడు. సూదమ్మ రెండేళ్ళు అది గమనించింది. అతని భార్య పోయి చాలాకాలమైంది. ఒకరోజు అతని చొక్కా జేబు వంకర టింకర కుట్లతో కనబడితే, ఎవరు కుట్టారు బాబూ అని అడిగింది. "నేనే పెద్దమ్మా, నవ్వకండి" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఇంటికి వెళ్ళి ఆ రాత్రంతా ఆలోచించింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోవడం మొదలుపెట్టింది. కోడలు ఆ డబ్బా పట్టుకుని వచ్చే వేళకే వ్యాను కూడా వచ్చేది. అత్తయ్యకు మతిమరుపు వస్తోందేమోనని కోడలు బెంగపడి ఒక డాక్టరమ్మను అడిగింది కూడా. అసలు సంగతి తెలిసిన రోజున అత్తతో పూట పొడుగునా మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా, "మీరు ఇంత నటిస్తారని నాకు తెలీదు" అంది.

పోయిన వారం ఆ ఇద్దరికీ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల పెళ్ళి అయింది. సాక్షిగా సూదమ్మే సంతకం పెట్టింది. అతనికి అంతకుముందే వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. అక్కడ ఇల్లు దొరికేదాకా ఆగారు. ఇప్పుడు దొరికింది.

బట్టలు ఇస్త్రీ చేసే ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చాలా ఏళ్ళ పరిచయం.

"ఇవాళేనా సూదమ్మా?"

"ఇవాళే."

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. రేపట్నుంచి ఆ అమ్మాయి నీకు ఏమవుతుంది?"

సూదమ్మ మిషను ఆపింది. దారం తెంపింది. ఈ ప్రశ్న తాను వేసుకోలేదు.

"ఏమో," అంది చివరికి. "నేనైతే అత్తనే. ఇంకో మాట అలవాటు లేదు."

ఆయన ఇంకా వేడిగా ఉన్న తెల్లటి దిండు గుడ్డ ఒకటి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎందుకు పెట్టాడో ఇద్దరికీ తెలియదు. సూదమ్మ కాసేపు దానిమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

ఆమె కొడుకు కరెంటు పనివాడు. నాలుగేళ్ళ కిందటి వానల్లో స్తంభం ఎక్కాడు, తనంత తానుగా దిగలేదు. పెళ్ళై ఏడాది కూడా నిండలేదు అప్పటికి. కోడలి పుట్టింటివాళ్ళు వచ్చి పెట్టె సర్దుకోమన్నారు. ఆ పిల్ల సర్దుకోలేదు. "నేనూ వస్తే అత్తయ్య పొయ్యి వెలిగించదు" అని చెప్పి వాళ్ళను పంపేసింది. అది నిజమే. మొదటి చలికాలం ఇద్దరూ మాటలు లేకుండా గడిపారు. ఎవరో పాత చీరలు తెచ్చి బొంత కుట్టివ్వమంటే సూదమ్మ ముక్కలు కోసింది, కోడలు వరసలు పేర్చింది. బడిలో నేర్చుకున్న క్రాస్ స్టిచ్ ఆ పిల్లకు అప్పుడే గుర్తొచ్చింది. నడిమధ్యన ఒక పిచుక కుట్టింది. పిచుక కాళ్ళు మరీ పొడుగొచ్చాయి. "ఇది పిచుకా, కొంగా?" అంది సూదమ్మ. ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడింది ఆరోజే.

ఆమె ఇంటికి చేరేసరికి పిండివంటల వాసన వీధిలోకే వచ్చింది. తెరలు గుమ్మాలకు ఎక్కాయి. నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. మూలన కోడలి పెట్టె తాళం వేసి సిద్ధంగా ఉంది. సూదమ్మ దానివైపు చూడకుండా కాళ్ళు కడుక్కుని వచ్చి బొంత దగ్గర కూర్చుంది. కోడలు రెండోవైపు కూర్చుంది. ఒకరు అంచు కుడుతుంటే ఒకరు ఊచలు కుడుతున్నారు. గళ్ళ బట్ట మీద వాళ్ళ వంటగది కిటికీయే ఉంది. ఊచలకు అల్లుకున్న ఆ ఆకుపచ్చ తీగ, వాడిన ఆకుతో సహా.

కోడలు బొంత మీద చెయ్యి వేసి ముక్కలన్నీ తడిమింది.

"ఆయన చొక్కా ముక్క ఒక్కటి కూడా వెయ్యలేదే అత్తయ్యా?"

"వెయ్యలేదు."

"పెట్టెలో అన్నీ ఉన్నాయిగా?"

"ఉన్నాయి. ఉండనీ." సూదమ్మ తలెత్తలేదు. "చలికాలమంతా నా కొడుకుని కప్పుకుని పడుకోమంటావా ఆ బాబుని? అసలే మావాడు దుప్పటంతా తనవైపు లాక్కునే రకం."

కోడలు నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగింది. చట్రం ఒళ్ళో పెట్టుకుంది.

"పండక్కి ఇక్కడే ఉంటాను. నెలాఖరుకి వెళ్తాను. ఆయనకి నేను చెప్తాను, ఆయన ఏమీ అనుకోరు."

సూదమ్మ ఇంకో కుట్టు వేసింది.

"అసలు వెళ్ళకపోతే ఏమవుతుంది అత్తయ్యా?"

సూది బొంతలో సగం దిగి ఆగిపోయింది. ఈ మాట వినడానికి తన లోపల ఎంత ఆకలి ఉందో సూదమ్మకు అప్పుడు తెలిసింది. ఉండిపోవే అంటే చాలు. వ్యాను ఖాళీగా వెనక్కి పోతుంది. అతను గొడవపడే మనిషి కాదు. రేపు పొద్దున ఇద్దరూ ఎప్పట్లాగే కొత్త బట్టలు కట్టుకుని, ఎప్పట్లాగే నీ వంట బాగుందంటే నీ వంట బాగుందనుకుంటారు. తర్వాత నెలాఖరు వస్తుంది. ఆపైన ఇంకో నెలాఖరు. ఈ రెండు గదుల్లో, ఈ పిల్ల జుట్టు తన కళ్ళముందే నెరుస్తుంది. తాను పోయిన రోజున దీనికి అన్నం తిన్నావా అని అడిగే దిక్కు కూడా ఉండదు.

కోడలి ఒళ్ళోని చట్రం వైపు చూసింది.

"అదిగో, మాటల్లో పడి గడి తప్పావు. చివరి ఊచ పక్కకి పోయింది. విప్పి మళ్ళీ వెయ్యి."

కోడలు ఉలిక్కిపడి బట్టను వెలుతురుకు ఎత్తింది. పెదాలు కదుపుతూ గళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"తప్పలేదు అత్తయ్యా."

"తప్పలేదా?"

"లేదు. సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉన్నదాన్ని విప్పడం దేనికి మరి?" అంది సూదమ్మ. "ముడెయ్యి."

కోడలు అత్త మొహంలోకి చూసింది. సూదమ్మ అంచు మీదికి ఇంకా కిందికి వంగింది. కాసేపటికి పంటితో దారం కొరికిన చప్పుడు వినబడింది. ఆ ముక్కను బొంత నడుమ ఇద్దరూ కలిసి అతికారు. చెరో రెండు వైపులు కుట్టారు. మధ్యలో ఒకరి వేళ్ళు ఒకరికి తగిలినా ఎవరూ చెయ్యి తీయలేదు.

పొద్దు వాలుతుండగా వ్యాను వచ్చింది. అతను చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. పెట్టెను రెండు చేతులా ఎత్తి తీసుకువెళ్ళి వ్యానులో పెట్టాడు. పెట్టిన చప్పుడు లోపలికి వినబడలేదు.

"పెద్దమ్మా, మీరూ రండి. పండగ నాలుగు రోజులూ ఉండి వద్దురుగాని. ఒక గది ఖాళీగానే ఉంది."

"అత్తని వెంటేసుకుని కాపురానికొచ్చిన పెళ్ళికూతుర్ని మీ వీధివాళ్ళు చూసి ఉండరు బాబూ. చూసి భయపడతారు." బొంత మడతపెట్టి అతని చేతుల్లో పెట్టింది. "చల్లనీళ్ళలోనే ఉతకాలి. రంగు దిగుతుంది."

"సరే పెద్దమ్మా."

కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. కొంగు సర్దుకుంది. సర్దుకున్న కొంగునే మళ్ళీ సర్దుకుంది.

"అన్నం వండి మూత పెట్టాను. తినండి."

"తింటాలే."

"తింటారా?"

"తింటానన్నానుగా. పో, చీకటి పడుతుంది."

కోడలు వంగి రెండు చేతులతో అత్త రెండు చేతులూ పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గట్టిపడిన ఆ వేలి కొసలను ఒకసారి కళ్ళకు అద్దుకుని, వెనక్కి తిరగకుండా మెట్లు దిగింది. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా సూదమ్మ నిలబడింది. తిరిగాక కూడా నిలబడింది. పక్కింటావిడ పండగ పనులయ్యాయా అని అడిగితే, అన్నీ అయిపోయాయమ్మా అంది.

లోపల ఇల్లు అద్దంలా ఉంది. ఒక్క డబ్బా కూడా దాని చోటు తప్పి లేదు. మొన్న అన్నం గిన్నె తగిలి చిరిగిన తన జాకెట్టు చెయ్యి గుర్తొచ్చింది. రేపటికి కుట్టుకోవాలి. దాన్ని పట్టుకుని ఇంట్లోని పాత మిషను దగ్గర కూర్చుని, అలవాటుగా పక్కకి చెయ్యి చాపి, "అమ్మా..." అని ఆగిపోయింది. చేతిసూదిలో దారం ఎక్కించడం ఆమె కళ్ళకు చేతకాక చాన్నాళ్ళయింది. చెయ్యి చాపితే కోడలు ఎక్కించి ఇచ్చేది. ఇద్దరికీ అది ఒక పనిగా కూడా తోచేది కాదు.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ అప్పుడు చూసింది. మిషను మీద కప్పిన గుడ్డ అంచు పొడుగునా సూదులు గుచ్చి ఉన్నాయి, ఇంట్లో ఉన్న సూదులన్నీ. పండగ పనుల మధ్య కోడలు ఎప్పుడు కూర్చుందో, ప్రతి సూదికీ మూరెడు దారం ఎక్కించి పెట్టింది. తెల్లవి ఎక్కువ, నడుమ నడుమ నలుపు, నీలం, జాకెట్టుకు సరిపోయే ఎరుపు. సూదమ్మ ఎర్రదాని మీద వేలు పెట్టి, తీయకుండానే వెనక్కి తీసుకుంది. వేయడం మరిచిన తలుపులోంచి వచ్చిన గాలికి దారాలన్నీ ఒకవైపు ఊగి, మళ్ళీ మెల్లగా నిలిచి, వరసగా వేలాడాయి.