కడిగిన ట్యాంకు

నీళ్ళు కలిస్తే ఆమ్లం పొగరు అణుగుతుందని లోకమంతా నమ్ముతుంది, గాఢత తగ్గితే చర్య నెమ్మదిస్తుందని పాఠ్యపుస్తకమూ అంటుంది, ఈ సూపర్‌వైజరూ అదే అంటున్నాడు, సల్ఫ్యూరిక్ ఆమ్లం మొత్తం తోడేశాం సార్, అడుగున మిగిలిన కాస్త మడ్డిలోకి నిన్న నీళ్ళు పట్టి వదిలేశాం, ఇప్పుడు లోపలున్నవి ఉత్త నీళ్ళే, మీరలా నీడలో కూర్చోండి, కూర్చునేవాణ్ణే, ఇక్కడి ల్యాబులో రిటైరైనవాణ్ణి, వెల్డరైన మేనల్లుడు ఇంట్లో మరిచిపోయిన నల్ల కళ్ళద్దాలు ఇచ్చి పోదామని వచ్చాను, వాడవి పెట్టుకుని అప్పుడే నిచ్చెనెక్కేశాడు, ట్యాంకు పైమూత కోయాలట, చేతిలో గ్యాస్ టార్చి, జేబులో లైటరు, నిన్న పట్టిన నీళ్ళా, అప్పట్నుంచీ లోపలే ఉన్నాయా

ఆగు, ఇది ఇనుప ట్యాంకు, గాఢమైన ఆమ్లాన్ని ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని చెక్కుచెదరలేదు, ఎందుకు చెదరలేదు, ఆ ఆమ్లమే గోడకి సల్ఫేటు పొర కట్టి తనకు తానే అడ్డం పడింది, నీళ్ళు ఆ పొరను కరిగించేస్తే పలచని ఆమ్లం ఇనుమును కొరుక్కు తింటుంది, హైడ్రోజన్ వదులుతుంది, నిప్పురవ్వ తగిలితే పేలే వాయువు, అది పైకి పోతుంది, పైన మూత, మూత మీద మా అక్క ఒక్కగానొక్క కొడుకు, ఒరేయ్ వెలిగించకు, ఏంటి మామయ్యా, వెలిగించకురా, సూపర్‌వైజర్ నవ్వుతున్నాడు, పలచటిదానికే ఇంత భయమైతే చిక్కటిదాంతో ఎలా వేగారు సార్, వీడూ నవ్వుతున్నాడు, అత్తయ్య కాఫీ ఇచ్చినా లిట్మస్ కాగితం ముంచి చూసే రకమండీ మా మామయ్య, నవ్వుకో

గోడకి చెవి ఆనిస్తే సన్నగా చిటపట, కాదేమో, నా చెవుల్లో రక్తం హోరేమో, వినాలనుకున్నది వినిపించే జబ్బును ఇతరుల్లో ఎంత వెక్కిరించాను, భయం ఆధారం కాదు, కొలవాలి, గ్యాస్ మీటరు తెప్పించండి, స్టోర్లో ఉంది సార్, తాళంచెవులాయన భోజనానికెళ్ళాడు, అయితే ఆయన తిని వచ్చేదాకా వీడు కిందే ఉంటాడు, దిగరా, ఈ కాంట్రాక్టు పోతుంది మామయ్యా, పోనీ, మీ అమ్మకి నేనేం చెప్పుకోను, ఆ మాటకి దిగాడు, విసుక్కుంటూ, ఒక్కో అడుగూ నా గుండె మీద వేస్తున్నట్టు

మీటరు వచ్చింది, దాని రబ్బరు గొట్టాన్ని ట్యాంకు గాలిగొట్టంలోకి దూర్చారు, సూది కదల్లేదు, సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు, తప్పయితే తప్పే, జీవితంలో మొదటిసారి నా లెక్క తప్పాలని కోరుకుంటున్నానా, సూది వణికింది, లేచింది, ఎర్రగీత దాటింది, గాఢంగా ఉన్నన్నాళ్ళూ ఇనుము జోలికి పోని ఆమ్లం పలచబడ్డాకే దాన్ని తింటోంది, ట్యాంకులో హైడ్రోజన్ ఉంది.