రాతిపొడి చదివే యంత్రం

బోర్లు వేసేవాళ్ళందరికీ ఆమె రాళ్ళ పిన్ని. ముప్పై ఎనిమిదేళ్ళ పాటు, మొగుడు బోరు దింపుతుంటే లారీ పక్కనే ఇనుప స్టూలు వేసుకుని కూర్చునేది. పది అడుగులకోసారి పైకి ఎగిరొచ్చే రాతిపొడిని అరచేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి, రంగూ లోతూ తడీ నోట్‌బుక్కులో రాసేది. బోరు యంత్రం హోరుకి ఎడమ చెవి సగం పోయింది గానీ, అరవై రెండు నోట్‌బుక్కులు మిగిలాయి.

ఇప్పుడు లారీ నడిపేది ఆమె అక్క కూతురు. ఎక్కడ బోరు వేయాల్సి వచ్చినా పిన్నికి ఫోను చేసేది. పిన్ని మోకాళ్ళ మీద చేతులానించి లేచి, బీరువా తెరిచి, ఏది ఎందులో ఉందో వెతికేసరికి సగం పూట గడిచిపోయేది. అందుకని అక్క కూతురు ఏడాది పాటు కూర్చుని అన్నిటినీ టైపు చేసింది. వాటిని చదివి, అడిగినదానికి జవాబు చెప్పే ఏఐ అసిస్టెంటుని పెట్టుకుందామంది.

“ఇంటర్నెట్లో పెట్టేస్తే పోలా?” అన్నాడు బాబాయి.

“ఎవరి నేలలో నీళ్ళున్నాయో ఎవరికీ చెప్పనని మాటిచ్చి రాశాను. అవి మన చెయ్యి దాటకూడదు” అంది పిన్ని.

పైగా బోరు వేసే చోట సగం సార్లు సిగ్నలే ఉండదు. కాబట్టి ఆ అసిస్టెంటు సొంత కంప్యూటర్లోనే పనిచెయ్యాలి. మరి అంత బరువు మోసే కంప్యూటరేది? అదే తేలక పిన్నీ అక్క కూతురూ ఒక ఉదయం దుకాణానికి వెళ్ళారు.

కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టుకున్న దుకాణదారు ముందుగా అద్దాల పెట్టె ఒకటి చూపించాడు. లోపల రంగురంగుల దీపాలు గిర్రున తిరుగుతున్నాయి. “అందరూ ఇదే తీసుకెళ్తున్నారమ్మా. ప్రాసెసర్లలో దీన్ని మించింది లేదు.”

“పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు, బాగానే ఉంది. మా పని ఇచ్చి చూస్తాం” అంది పిన్ని.

అక్క కూతురు పెన్‌డ్రైవు పెట్టి, నల్లరాయి కింద నీళ్ళు పడ్డ బోర్లు ఏవని అడిగింది. పెట్టెలో ఫ్యాన్లు రొద పెట్టాయి. తెర మీద ఒక మాట వచ్చింది. కాసేపటికి ఇంకో మాట.

“ఏమిటే ఇది, నత్తకి నడక నేర్పుతున్నట్టుంది!”

దుకాణదారు నవ్వేసి కళ్ళజోడు కిందికి దించాడు. వచ్చినవాళ్ళు ఆషామాషీగా రాలేదని అతనికి అర్థమైంది. “ప్రాసెసరు ఎంత గొప్పదైనా సరే, మీ ఏఐ మోడలంతా గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీలో పట్టాలమ్మా. దీన్లో పట్టట్లేదు. సగం అక్కడ, సగం ఇక్కడ పెట్టుకుని పరుగులు పెడుతోంది.”

“స్టూలు పక్కన ఉండాల్సిన నోట్‌బుక్కు ఇంట్లో బీరువాలో ఉన్నట్టన్నమాట.”

“అచ్చం అంతే!”

తర్వాత సన్నటి లాప్‌టాప్ తెచ్చాడు. అందులో పట్టేలా చిన్న మోడల్ వేశాడు. జవాబు చిటికెలో వచ్చింది, కానీ పిన్ని మొహం ముడుచుకుంది. “నాలుగో బోరు నేను రాయనేలేదు. తెలియకపోతే తెలియదనాలి గానీ, ఈ అల్లికలేమిటి?”

మూడోది నల్లటి మొద్దు పెట్టె. దీపాల్లేవు, సోకుల్లేవు. కార్డు మెమరీ ఇరవై నాలుగు జీబీ, మోడలంతా అందులోనే పడుతుంది. ర్యాము అరవై నాలుగు. దాని పక్కనే రెండు కార్డులున్న పెద్దది చూసి అక్క కూతురి కళ్ళు అటు లాగాయి.

“గంతకు తగ్గ బొంత చాలే. మన లారీ జనరేటరు మోయొద్దూ?” అంది పిన్ని. ఈసారి ప్రశ్న ఆమే చెప్పింది. కొత్తగా కడుతున్న ఆసుపత్రి స్థలంలో వేసిన రెండు బోర్లలోనూ నీళ్ళు పడలేదు. పొడి ఏ లోతులో ఏ రంగులో వచ్చిందో చెప్పి, ఏం చెయ్యాలని అడిగించింది.

పెట్టె కొన్ని క్షణాలు ఆగింది. తర్వాత తెర మీద వరసలు ధారగా దిగాయి. బూడిదరంగు పొడి తర్వాత సన్నటి తెల్లపొర తగిలిన బోర్లు, ఇరవై ఆరేళ్ళలో పదకొండు ఉన్నాయట. తెల్లపొర దాటి ముప్పై నుంచి అరవై అడుగులు వెళ్ళిన ప్రతిచోటా నీళ్ళు పడ్డాయట. ఆసుపత్రి బోర్లు రెండూ ఆ పొర దగ్గరే ఆగిపోయాయి. ఇది అంచనా మాత్రమేనని, పాత నోట్‌బుక్కులతో సరిచూసుకోమని కూడా చెప్పింది.

పిన్ని తెర దగ్గరికి వంగింది. ఆ పదకొండూ ఆమె చేతిరాతే. మొదటిది రాసినప్పుడు జడ నడుం దాటి ఉండేది. చివరిది రాసేటప్పటికి తల ముగ్గుబుట్ట. ఒక్కో గుప్పెడుగా చూసిన నేల, దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆమె కాళ్ళ కింద మైళ్ళ కొద్దీ ఒకే పొరగా సాగిపోతున్నట్టనిపించింది. తెలియకుండానే పాదాలు పైకి తీసుకుంది.

“నేనే రాశానా ఇదంతా?” అంది.

“నువ్వే పిన్నీ. ఒక్కచోట పెట్టి చూళ్ళేదు, అంతే.”

ఆశ్చర్యం ఆశ్చర్యమే, పని పనే. ఇంటికెళ్ళి నోట్‌బుక్కులు దించి ఒక్కొక్కటీ సరిచూసింది. పది సరిపోయాయి. పదకొండోది తేడా కొట్టింది. నీళ్ళు పడ్డ లోతు నూటపదకొండు అడుగులని రాసినదాన్ని అక్క కూతురు నూటపదిహేడని టైపు చేసింది. దిద్దాక అదీ సరిపోయింది. మర్నాడే ఆ మొద్దు పెట్టె ఇంటికొచ్చింది.

వారం తిరక్కుండా ఆసుపత్రి స్థలంలో మొదటి బోరునే మళ్ళీ దింపారు. పొర దాటి ముప్పై అడుగులు పోయినా పొడే. నలభైకీ పొడే. మేస్త్రీ ఆపమంటావా అన్నట్టు చూశాడు. అక్క కూతురు పిన్ని వైపు తిరిగింది. పిన్ని పొడిని నలిపి, “చల్లగా ఉంది. పోనీండి” అంది.

యాభై రెండో అడుగులో నీళ్ళు ఎగజిమ్మాయి. పనివాళ్ళు కేకలు పెట్టారు. పిన్ని మొహమంతా బురద చింది, కళ్ళద్దాలు కనపడకుండా పోయాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“పిన్నీ! ఇంకా ఏమేం అడుగుదాం దాన్ని?” అని అక్క కూతురు ఆమె కుడిచెవి దగ్గరకొచ్చి అరిచింది.

“అడుగుదువుగానీ ఆగవే” అంది పిన్ని. “ముందు నన్ను చూడనీ.”