నా సంతకంతో రెండు రిపోర్టులు

సాయిదుర్గ ఒళ్లో ఉన్న పిల్లవాడికి నాలుగేళ్ల పది నెలలు. పేరు లోవరాజు. ఇంకా ఒక్క మాట రాలేదు. నేను పనిచేసే కాకినాడ ఆస్పత్రిలో ఓ ట్రస్టు వాళ్లు చెవిటి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్ చేయించి చెవి లోపల వినికిడి మిషన్ పెట్టిస్తారు. దానికి రెండే షరతులు. పిల్లవాడికి అయిదేళ్లు నిండకూడదు. చెవుడు ఉందని, ఢిల్లీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, నంబరు వేసి సంతకం పెట్టాలి. మా ఆస్పత్రిలో ఆ నంబరు ఉన్నది నా ఒక్కదానికే.

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అని కసిరాను. ఆలస్యంగా తెచ్చిన వాళ్లందరినీ అలాగే కసురుతాను. కృపారాణి మేడమ్‌కి నోరెక్కువని ఆస్పత్రిలో అందరికీ తెలుసు.

"చూపించామండి. ఏడాదిన్నరప్పుడే చూపించామండి. బాగానే వినపడుతుందన్నారండి. బోటు ఇంజను స్టార్టు చేస్తే నిద్రలోంచి లేచి కూర్చునేవాడండి. మా మావయ్యగారు కూడా వాడికేం ఢోకా లేదన్నారండి."

బోటు చెక్కలు అదిరితే చెవిటివాడైనా లేస్తాడు. రేవుల నుంచి వచ్చే తల్లులు చాలామంది ఈ మాటే చెబుతారు. వాళ్లని తప్పు పట్టను. అది అదురు మాత్రమే, వినికిడి కాదు అని చెప్పడానికే మమ్మల్ని చదివించి నంబర్లు ఇచ్చారు.

పిల్లవాణ్ని నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి పరీక్ష చేశాను. శబ్దం మెదడుదాకా చేరితే తెర మీద గీత లేస్తుంది. ఎంత శబ్దం పెట్టినా లేవలేదు. రెండో చెవీ అంతే. రిపోర్టు రాశాను, సంతకం పెట్టాను, నంబరు వేశాను. అప్పుడు సాయిదుర్గ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పాత కాగితం జాగ్రత్తగా నా ముందు పెట్టింది.

రామచంద్రపురంలో శ్యాంబాబు నడిపే చెవి మిషన్ల షాపు కాగితం అది. "వినికిడి సాధారణం. మాటలు ఆలస్యంగా వస్తాయి. భయపడనవసరం లేదు." రాత శ్యాంబాబుది. కింద సంతకం నాది. స్టాంపు నాది. నంబరు నాది.

చదువు పూర్తయి నంబరు వచ్చిన కొత్తలో మా చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించారు నాన్నగారు. మా నాన్నగారు, యెహెజ్కేలు మాస్టారంటే లూథరన్ బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. నాకు ఉద్యోగం మాత్రం రాలేదు. శ్యాంబాబు ఇంటికొచ్చి, "అమ్మాయిగారు షాపుకి రానక్కర్లేదండి మాస్టారూ. మందుల షాపుల్లో వేరేవాళ్ల సర్టిఫికెట్ వేలాడదీయట్లేదా? ఇదీ అంతేనండి," అన్నాడు. నెల తిరిగేసరికి డబ్బు వస్తుందంటే నేనూ తల ఊపాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, భోజనాల బల్ల మీద కూర్చుని ఖాళీ రిపోర్టు కాగితాల ప్యాడ్ మొత్తానికి సంతకాలు చేశాను. పక్కన కూర్చుని స్టాంపు వేసింది నాన్నగారే. పరీక్ష కాగితంలో ఒక్క జవాబు ఖాళీగా వదిలితే పిల్లల చేతులు వాచిపోయేలా కొట్టిన మనిషి, ఖాళీ కాగితాల మీద వరసగా స్టాంపు కొట్టుకుంటూ పోయారు.

తర్వాత నాకు కాకినాడలో ఉద్యోగం వచ్చింది. గోడ మీద సర్టిఫికెట్ తీసేయమని శ్యాంబాబుకి ఫోన్ చేశాను. మిగిలిన ప్యాడ్ సంగతి అడగలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు గానీ, అడిగితే ఎన్ని కాగితాలు వాడాడో తెలుస్తుందని అడగలేదు.

"అక్కడ పరీక్ష ఎలా చేశారు?" అని సాయిదుర్గని అడిగాను.

"వీణ్ని బల్ల దగ్గర కూర్చోబెట్టమన్నారండి. ఆయన వెనక నుంచి వచ్చి స్టీలు కంచం బల్ల మీద గట్టిగా వేశారండి. వీడు గబుక్కున తిరిగాడండి."

వాడి మోచేతులు ఆ బల్ల మీదే ఉండుంటాయి. చదువుకోని తల్లి పడవలో చేసిన పొరపాటే, నా సర్టిఫికెట్ కింద కూర్చుని శ్యాంబాబు చేశాడు.

"గోడ మీద ఫ్రేము చూపించి, ఢిల్లీ నంబరున్న మేడమ్ గారు సంతకం పెట్టారమ్మా అన్నారండి. అది చూసే నమ్మామండి. ఎవరండీ ఆవిడ?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆమెకు చదువు రాదు. కానీ మూడేళ్లుగా ఆ ప్యాడ్ నా గొంతులో ముల్లులా ఉంది. నిజం ఒప్పుకుని నా బరువు దించుకుందామనుకున్నాను. దించుకుంటే అది ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు.

"నేనేనమ్మా," అన్నాను. అంతా చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పిల్లవాణ్ని భుజం మీదికి ఎత్తుకుంది.

"అయితే ఇది రాసినప్పుడు మీరు మావాణ్ని చూడనే లేదా అండి?"

"లేదు. కానీ ఇవాళ నీ కళ్లముందే పరీక్ష చేశాను కదా!"

"ఆ తెర మీద ఏముందో నాకేం తెలుస్తుందండి? అప్పుడూ నా కళ్లముందే చేశారండి. ఆ రోజు వినపడుతుందని మీ సంతకమే ఉంది, ఇయ్యాల వినపడదనీ మీ సంతకమే. ఈ సంతకం నమ్ముకుని బిడ్డ తల కోయించమంటారా అండి?"

కొత్త రిపోర్టు ఆమె ముందుకు జరిపాను. ఆమె పాత కాగితాన్ని మడతపెట్టి కవర్లో దాచుకుంది. కొడుకు వింటాడని రాసిన కాగితం అదొక్కటే మరి. కొత్త రిపోర్టు నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆమె భర్త బుల్లబ్బాయికి ఎన్నోసార్లు ఫోన్ చేశాను. వేరే ఊళ్లో నాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గర రేపే చూపిస్తాను, నేను ఆ గదిలోకే రానని బతిమాలాను. "మీకు తెలిసినవాళ్లయితే మాకొద్దండి. వైజాగ్‌లో మేమే చూపించుకుంటామండి," అని పెట్టేశాడు. వైజాగ్‌లో వాళ్లకు పదో వారానికి గానీ తేదీ దొరకలేదు. అక్కడి రిపోర్టులో, నేను రాసిందే ఉంది. అది పట్టుకుని ట్రస్టు ఆఫీసుకు వచ్చేసరికి లోవరాజుకు అయిదేళ్లు నిండి పంతొమ్మిది రోజులు. మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను. రూలు రూలేనండి మేడమ్ అన్నాడు. వరండాలో సాయిదుర్గ నన్ను చూసి, ముఖం తిప్పుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే నా రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. హాజరైన సెమినార్లన్నీ రాశాను. చివర్లో ఒక ప్రశ్న ఉంది. గత అయిదేళ్లలో మీ మీద ఫిర్యాదులేమైనా వచ్చాయా? సాయిదుర్గ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేయవచ్చని ఆమెకు తెలియదు. ఒకసారి నిజం చెప్పి చూశాను కదా. ఈసారి ఉద్యోగం గుర్తొచ్చింది. "రాలేదు" అని రాశాను. అబద్ధం కాదు.

కొత్త సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. పాత నంబరే, ఇంకో అయిదేళ్లు చెల్లుతుంది. నాన్నగారు కవరు విప్పి, కళ్లకు అద్దుకుని, "దేవునికి స్తోత్రం. ఫ్రేము కట్టించనా అమ్మా?" అని అడిగారు.