గేటు దాటని కారు

మా ఆయన సత్యప్రసాద్ పోయిన రోజు పొద్దున ఆసుపత్రిలో రెండు ఇడ్లీలు తిన్నారు. అందుకని ధైర్యంగా బడికి వెళ్ళాను. మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతుండగా ప్యూన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బోర్డు మీద సమీకరణం సగంలో ఉంది. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. ఆ సమీకరణాన్ని ఎవరు పూర్తి చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన హిందీ మాట్లాడే ఈ ఊరి శివారున, గమ్హరియాలో ఒక చిన్న ప్లేటింగ్ షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. లారీ బంపర్లకు, మోటారు సైకిల్ సైలెన్సర్లకు క్రోమ్ పూత వేసే పని. ఇంటికొచ్చాక ప్లాస్టిక్ కారు కిట్లు కట్టేవారు. అరచేతిలో పట్టే కార్లు. బాడీ, చక్రాలు, స్టీరింగ్ అన్నీ విడి ముక్కలుగా వస్తాయి. అతికించి రంగు వేసుకోవాలి. బంపర్లు మాత్రం తళతళలాడే పూతతోనే వస్తాయి. ఆ తళుకు ఆయనకు నచ్చేది కాదు. "ఇది బంపరా, పెళ్ళికూతురి అద్దమా?" అని ఊడదీసి, తనకు నచ్చినట్టు మళ్ళీ వేసేవారు.

అలా పదకొండు కార్లు బీరువాలో ఉన్నాయి. పన్నెండోది కట్టేనాటికి నరాల జబ్బు ముదిరి చేతులు వణికేవి. ఎర్ర రంగు తలుపు మీద కారి, గడ్డ కట్టింది. బంపర్ల తళుకు ఊడదీయకుండానే అతికిస్తే, ముందు బంపర్ మీద జిగురంటిన వేలిముద్ర ఒకటి పడింది.

ఆయన పోయిన ఇరవయ్యో రోజు, గురువారం, పోలరాజు బావగారు వచ్చారు. మా ఆయనకు అన్న. అదే షాపులో పని.

"అమ్మా, ఆదివారం మన తెలుగు సంఘం హాల్లో సభ పెట్టినాం. ఆడి కారు అక్కడ పెట్టాల. సాక్చి బజార్లో గాజుపెట్టె కూడా చెప్పేసాను," అన్నారు.

"బీరువాలో ఉన్నాయి బావగారూ. అన్నీ తీసుకెళ్ళండి."

"అయ్యెందుకు? ఆకర్న చేసింది ఈ ఎర్రదే గదా. ఆడి వేలిముద్ర కూడా ఉంది దానిమీద."

"ఇది బాగా రాలేదు."

"రాకపోతే ఏటి? సచ్చినోడి పనికి కూడా మార్కులేత్తావేటి, టీచరమ్మవని?"

మంచం మీద పడుకున్న మా అత్తగారు నూకమ్మ తల ఎత్తింది. "ఆడి చెయ్యి తగిలిన రంగు అది. ముట్టుకోకు కోడలా."

నాకు కోపం వస్తే మాట తగ్గుతుంది. నా క్లాసు పిల్లలకు ఈ సంగతి తెలుసు. బావగారికి తెలియదు. నేను ఒప్పుకున్నానని అనుకుని, శనివారం వచ్చి పట్టుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ హాల్లోకి రెండొందల మంది వస్తారు. ఆ కారు చూసి, పాపం చేతులు వణుకుతున్నా చేశాడు అంటారు. ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళకు గుర్తుండేది ఆ వణుకే. ఇరవై రెండేళ్ళు పనిమంతుడిగా బతికిన మనిషిని అలా గుర్తుపెట్టుకోవడానికి నేను ఒప్పుకోను.

శుక్రవారం బడి అయ్యాక సాక్చి వెళ్ళి పెద్ద డెట్టాల్ సీసాలు రెండు, బ్లీచ్ ఒకటి కొన్నాను.

"ఇత్‌నా డెట్టాల్? ఘర్ మే కోయీ బీమార్ హై క్యా, మేడమ్‌జీ?" అన్నాడు కొట్టతను, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందేమోనని.

"నహీ భయ్యా. సఫాయీ హై." శుభ్రం చేసే పనేనని చెప్పాను.

కారు రంగు ఊడదీయడం ఎలాగో మా ఆయన్ని చూసి నేర్చుకున్నాను. మొదటి కిట్టు రంగు ఊడదీయడానికి ఆయన షాపులో లోహానికి వాడే థిన్నర్ తెచ్చి అందులో పడేశారు. అరగంటకు బాడీ నూనె చాలని అప్పడంలా వంకర తిరిగింది. వారం రోజులు ఆ అప్పడాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వారు. తర్వాత ఎవరో చెబితే డెట్టాల్‌కి మారారు. ఒక రోజు నానబెట్టాలి. తీసిన వెంటనే నీళ్ళలో పెట్టకూడదు, పెడితే రంగు బంకలా సాగి పట్టుకుంటుంది. డెట్టాల్‌లోనే పళ్ళ బ్రష్‌తో రుద్ది, అదంతా పోయాకే సబ్బునీళ్ళు.

బాడీని కింది పలక నుంచి విడదీస్తుంటే పలక అడుగున ఒక గుర్తు కనబడింది. ఎర్ర మైనపు పెన్సిల్‌తో గీసిన ఇంటూ మార్కు. గీతలు రెండూ వణికే చేత్తో గీసినవి. పలకను తుడవకుండా పక్కన పెట్టి, బాడీని డబ్బాలో ముంచాను.

శనివారం మధ్యాహ్నం బావగారు ఆటోలో గాజుపెట్టెతో దిగారు. డబ్బాలో ఎర్రటి పొరలు తేలుతున్నాయి. నేను బ్రష్‌తో రుద్దుతున్నాను.

"ఏటమ్మా ఇది? ఆడి రంగు కడిగేత్తన్నావా? సిగ్గు నేదా నీకు?"

"లేదు బావగారూ."

చెయ్యి తుడుచుకుని కింది పలక ఆయనకిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు.

"ఇది ఆడే గీసాడా?"

"గీత చూడండి."

స్టూలు మీద కూర్చున్నారు. వాళ్ళ షాపులో ఎర్ర గుర్తు పడిన మాల్, అంటే సరుకు, గేటు దాటకూడదు. పూత పీకి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ గుర్తును మేనేజరు కూడా చెరపలేడు. ఈ సంగతి నాకంటే బావగారికే బాగా తెలుసు.

"గాని ఎవుడి మాల్ ఆడే పీకాల. అదీ రూలే," అన్నారు చివరికి.

"ఆయన డ్యూటీకి రాకపోతే?"

"జోడీదారు పీకుతాడు. పక్కన పనిచేసేవోడు."

"ఈ ఇంట్లో ఆయన జోడీదారు ఎవరు?"

బావగారు పెట్టెను గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్ళిపోయారు. ఇక రారనుకున్నాను.

రెండు గంటల తర్వాత చేతిలో ప్లాస్టిక్ క్యానుతో వచ్చారు. అప్పటికి నేను బంపర్లు రెండూ గాజు గిన్నెలో వేసి, మునిగేదాకా బ్లీచ్ పోసి ఉన్నాను.

"క్రోమ్ అలాగ ఊడదమ్మా. షాపు నుంచి యాసిడ్ తెచ్చినాను. తప్పుకో," అంటూ మూత తీసి గిన్నె మీదికి వంచారు.

"పొయ్యకండి!"

పక్క క్వార్టర్ వాళ్ళు కిటికీ తెరిచి చూశారు. బావగారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"బ్లీచ్‌లో యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. మీరూ, నేనూ, ఆ మంచం మీద అత్తయ్యా, ముగ్గురం పోతాం. మూత పెట్టి పెరట్లో పెట్టి రండి."

"ముప్పయ్యేళ్ళు యాసిడ్‌తో బతికినోణ్ణి..."

"అది ఇనుము మీద క్రోమ్. ఇది ప్లాస్టిక్ మీద పొగలాంటి పూత. ముందు ఆ క్యాను బయట పెట్టండి."

పెట్టి వచ్చారు. వచ్చేసరికి బంపర్ మీద వెండి సగం మాయమైంది. చూస్తుండగానే మిగతాదీ పోయింది. వేలిముద్ర కూడా దాంతోనే పోయింది. అడుగున పసుపు వార్నిష్ పొర కనబడింది.

"ఇంతేనా? మేం షిఫ్టంతా పీకేవోళ్ళం గదా!"

"ఇంతే."

మా అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. బూడిద రంగు డొల్లను చూసింది. "ఆడి రంగేదే?"

"ఆయనే వద్దన్నారు అత్తయ్యా." పలక ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు గాని, కొడుకులిద్దరి షాపు కబుర్లూ విన్న మనిషి. గుర్తు మీద బొటనవేలు ఆనించింది గాని రుద్దలేదు.

"ఇది మట్టుకు సెరిపీకండి."

"మాల్ పాసైతే సెరపాల గదమ్మా," అన్నారు బావగారు.

"పాసవనీ. అప్పుడు సూద్దారి."

ఆదివారం సభలో బల్ల మీద పదకొండు కార్లు వరుసగా పెట్టాం. మధ్యలో గాజుపెట్టె ఖాళీగా ఉంది. సంఘం కార్యదర్శి చిన్నగా అడిగాడు, ఏదో మరచిపోయారా అని. బావగారు మైకు అందుకున్నారు.

"ఇందులో పెట్టాల్సిన మాల్ రిజెక్ట్ అయిందండి. మా తమ్ముడే రిజెక్ట్ చేసాడు. మళ్ళీ పూతకి లైన్లో ఉంది."

ముందు వరుసల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక కూర్చున్న షాపు వాళ్ళు నవ్వలేదు. అందులో ఒకాయన లేచి వచ్చి, పదకొండు బంపర్లనూ వంగి ఒక్కొక్కటే చూసి, తిరిగి వెళ్ళి కూర్చున్నాడు.

ఇంట్లో పన్నెండో కారు తలుపు గాడిలో ఎరుపు ఇంకా కొంచెం ఉంది. బంపర్ల మీద పసుపు పొర ఊడలేదు. రంగుకు ముందు పూసే ప్రైమర్ ఇంకా వెయ్యలేదు.