గుట్ట మీది ఏడో హోల్

తడిబట్టల బకెట్‌తో డాబా మెట్లెక్కుతుంటే అత్తగారు వెనకనుంచి అన్నారు: "మెల్లగా అమ్మా, మెట్లు తడుస్తున్నాయి." నా నడుం నొప్పి సంగతి ఆవిడకు గుర్తు రాలేదు.

మొత్తం ముప్పై రెండు మెట్లు. ఎక్కడంలో ఒక రుచి ఉందని నాకు తెలిసింది వీటి మీదే. కిందనుంచి చూస్తే చివరి మెట్టు, దాని వెనక ఆకాశం, అంతే. మా ఆయన గోల్ఫ్ మైదానాలు డిజైన్ చేస్తారు. అంటే చెప్పేది ఆయన, నేలంతా తిరిగి కొలిచి గీసేది నేను. కొత్త మైదానంలో ఏడో హోల్‌ని, అంటే బంతి పడాల్సిన ఏడో గుంటని, గుట్ట మీదికి ఎక్కించాను. బంతి కొట్టే చోటినుంచి జెండా కొస మాత్రమే కనిపిస్తుంది. బంతి జెండా పక్కన ఆగిందో, వెనక్కి దొర్లిందో నడిచి వెళ్తేగాని తెలియదు. ఆ నడకంతా ఆశే.

"ఎక్కడం ఎవరికిష్టమే? ఆయాసపడటానికి వస్తారా ఎవరైనా? గుట్ట తీసేసి చదును చెయ్యి," అన్నారాయన. గుట్టను ఆయన కాగితం మీదే చూశారు. నేను గుట్టని అలాగే ఉంచి గీశాను.

నిన్న ఆ మైదానం వేయిస్తున్న క్లబ్బు పెద్దాయన స్థలం చూడటానికి వచ్చారు. గుట్ట కింద ఆగి, "ఇక్కణ్ణించి ఏమీ కనపడట్లేదేంటి?" అన్నారు.

"మా ఆవిడ పొరపాటండి. ఇంటి పనుల ధ్యాసలో గీసేస్తుంది. మార్పిస్తాను," అన్నారు మా ఆయన.

నేను ఆయన పక్కనే ఉన్నాను. పెద్దాయన మాత్రం చేతికర్ర ఊతంతో ఎక్కేశారు. పైన జెండా, గాలి, కింద తను నడిచొచ్చిన దారి. "దీన్ని ముట్టుకోకండి. మైదానం మొత్తంలో నాకు గుర్తుండేది ఇదే," అన్నారు.

"నేనూ అదే అనుకున్నానండి. ఎక్కితేనే కదా విలువ," అన్నారు మా ఆయన, రొప్పుతూ.

పొరపాటుగా ఉన్నంతసేపే అది నాది.

సగం మెట్ల మీద ఇదంతా గుర్తొచ్చి ఆగాను. కోపం వచ్చింది, పదకొండేళ్ల కాపురంలో పేరుకున్న కోపం. బకెట్ అక్కడే దించి కిందికొచ్చాను. డ్రాయింగు మూలన రెండు గళ్లుంటాయి, డిజైన్ చేసినవారికొకటి, గీసినవారికొకటి. ఎప్పుడూ మొదటిదాంట్లో ఆయన పేరు, రెండోదాంట్లో నా పొడి అక్షరాలు నేనే రాస్తాను. ఇవాళ క్లబ్బుకి పంపాల్సిన ఏడో హోల్ కాగితం తీసి, రెండు గళ్లలోనూ నా పేరే రాశాను. పూర్తిగా, పుట్టింటి ఇంటిపేరుతో సహా. కవర్లో పెట్టి అంటించేశాను.

"బట్టలు ఆరేశావా?" ముందుగదిలోంచి ఆయన అడిగారు.

"బకెట్ సగం మెట్ల మీదుంది," అన్నాను. "ఎక్కండి. ఎక్కితేనే విలువని మీరేగా అన్నారు."